రాతి మీద నాలుగో వరుస

మా అన్న కిష్టప్ప బడి బావిలో చనిపోయిన నలభై మూడో రోజున, ఆ బావి దగ్గర పెట్టే రాయికి ఇంగ్లీషులో చిత్తు రాసి హెడ్మాస్టరు నా చేతికిచ్చారు. శుభ్రంగా తిరగరాయమన్నారు. బడిలో ఇంగ్లీషు చెప్పేది నేను. చేతిరాత కుదిరినవాణ్ణీ నేనే.

అది 1957 జూన్. మా ఊరు లక్డారానికి అవతల, రాతినేల. బావి కొంత దిగాక బండ తగిలింది. బండకు బెజ్జాలు వేసి, మందు కూరి, వత్తి అంటించి పైకి వచ్చేవారు. ఆ రోజు ఆరు బెజ్జాల్లో ఐదే పేలాయి. ఆరోది చల్లారిపోయిందని పని చూసే పటేలు మనిషి చెప్పాడు. అన్న దిగాడు. అంతకు మించి ఆ సంగతి నేను రాయలేను.

పంచనామాకు సంగారెడ్డి నుంచి వచ్చిన అధికారి, బావి తెరిచే రోజు రాయి మీద చనిపోయిన కూలీ పేరు కూడా ఉండాలని చెప్పి వెళ్లాడు. ఆ మాట లేకపోతే పెంటారెడ్డి పటేలు ఒప్పుకునేవాడు కాదు. బడి కమిటీకి పెద్ద ఆయనే. బావికి జాగా ఇచ్చిందీ ఆయనే. ఆ రోజుల్లో సర్కారు దఫ్తరులో ఉర్దూ లేచిపోయింది, తెలుగు ఇంకా కూర్చోలేదు. పెద్దవాళ్ల కంటికి ఆనాలంటే ఇంగ్లీషు ఉండాలని కమిటీ తీర్మానం.

చిత్తులో నాలుగు వరుసలున్నాయి. మొదటిది బావి తెరిచిన తేదీ. రెండోది జాగా ఇచ్చిన పటేలు పేరు. మూడోది ఊళ్లోని రెడ్డి, బ్రాహ్మణ, ముస్లిం కుటుంబాల సాయంతో బావి పూర్తయిందని. నాలుగోది మాదిగ కూలీ కిష్టప్ప ఈ పనిలో మరణించాడని. మూడో వరుసలోని మూడు మాటలూ పెద్ద అక్షరాలతో మొదలయ్యాయి. నాలుగో వరుసలోని మాదిగ మాత్రం చిన్న ఎం తో ఉంది.

మన రాతలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అని లేవు. ఉర్దూలోనూ లేవు. ఇంగ్లీషులో మనిషి పేరుకు, ఊరి పేరుకు, జాతి పేరుకు మొదట పెద్ద అక్షరం రాయాలని నేను ఆరో తరగతికి ఏటా చెబుతాను. కాగితం తీసుకుని హెడ్మాస్టరు సాదుల్లా సాబ్ గదికి వెళ్లాను.

"సాబ్, ఈడ చిన్న ఎం పడ్డది," అన్నాను.

"పడలేదు. నేనే రాసిన."

"పైన ముస్లింకు పెద్ద ఎం ఉంది."

"అది కౌమ్ పేరు, జాతి పేరు, మాస్టర్."

"మరి ఇది?"

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఇది పనిచేసేటోళ్ల పేరు. చాకలి, కుమ్మరి ఉన్నట్టు. దఫ్తర్‌కెళ్లి వచ్చే టైపు కాగితాలల్ల గిట్లనే వస్తది. నేనేం కొత్తగ తెచ్చిన్నా?"

"మా నాయిన తోలు పని చేసిండు. మా అన్న బండ కొట్టిండు. నేను ఇంగ్లీషు చెప్తున్న. ముగ్గురం మాదిగోళ్లమే సాబ్. ఇందుల పని పేరు ఏది?"

"నాతోని బహస్ వద్దు. పోయి పటేల్ సాబును అడుగు."

పోలీసు చర్య నాడు ముస్లింల ఇళ్ల మీద జరిగిన దాడుల తర్వాత, తొమ్మిదేళ్లుగా ఆయన ఊళ్లో ఎవరి మాటకూ ఎదురు చెప్పలేదు. ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రోజు ఆయన మీద నాకు జాలి కలగలేదు.

బడి వదిలాక పటేలు ఇంటికి వెళ్లాను. చెప్పులు బయట వదిలి మెట్ల కింద నిలబడ్డాను. పటేలు అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. పక్కన నలుగురు మనుషులు కూర్చుని ఉన్నారు. బెజ్జం చల్లారిందని చెప్పినవాడు కూడా వాళ్లలో ఉన్నాడు.

"ఏంరా యాదిగా, బడి ఇడిసిపెట్టి వచ్చినవు?"

"బడి అయిపోయింది పటేలా." కాగితం అరుగు అంచున పెట్టి సంగతి చెప్పాను.

"అక్షరాలల్ల గూడ పెద్దోళ్లు చిన్నోళ్లు ఉంటరా ఇంగ్లీషుల? మంచి భాషనేరా." ఆయన పక్కవాళ్ల వైపు తిరిగాడు. "మరి రెడ్డికి ఏది రాసిండ్రు?"

"పెద్దది, పటేలా."

"మాదిగకు?"

"చిన్నది."

"ఇంకేంది మరి? సక్కగనే ఉంది గద."

అందరూ నవ్వారు. నవ్వు అయిపోయేదాకా నేను ఆగాను.

"ఆరో తరగతి పిల్లగాడు గిట్ల రాస్తే నేను తప్పు కొడ్త పటేలా. రేపు సంగారెడ్డి సారు సూస్తే ఆయన గూడ తప్పే అంటడు. కమిటీల సదువుకున్నోడు ఒక్కడు లేడా అంటడు."

పటేలు మొహం మారింది. నా మీద కోపంతో కాదు, ఆ అధికారి నవ్వు తలుచుకుని. అరుగు మీది కాగితం తీసి నా కాళ్ల దగ్గరకు విసిరాడు.

"రాస్కో. పెద్దగనే రాస్కో. గుమ్మడికాయంత రాస్కో. దూరంకెళ్లి సూసినోళ్లకు గూడ తెలుస్తది, సచ్చినోడు ఏ వాడోడో. మా ఇంట్లోడు అనుకోరు."

నేను వంగి కాగితం తీసుకున్నాను.

మా చిన్నప్పుడు మా వాడలో ఇంటికి ఒకరు చొప్పున పటేలు ఇంటికి వెట్టికి పోవాలి. నాయిన పోయాక ఆ వంతు మా ఇద్దరి మధ్య పడింది. నా వంతు కూడా అన్నే చేశాడు, నేను చదువు ముగించేదాకా. అలా వచ్చిన చదువుతో నేను ఒక అక్షరాన్ని పెద్దది చేయించాను. ఆ సాయంత్రం అది నాకు చిన్న సంగతిగా అనిపించలేదు. అన్నకు ఏదో ఇచ్చుకున్నాననే అనుకున్నాను.

మర్నాడు నేను దిద్దిన కాగితం మీద సాదుల్లా సాబ్ దస్తఖత్ చేశారు. నేను పటాన్‌చెరు వెళ్లి బస్సెక్కి సంగారెడ్డిలో దిగాను. పాత జైలు దాటాక కమాలుద్దీన్ అని ఒక ముసలాయన సమాధిరాళ్లు చెక్కుతాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కాగితం వెనక ఎర్రమట్టి రుద్ది, రాయి మీద పరిచి, గీతల వెంట పుల్లతో ఒత్తుతాడు. రాయి మీద ఎర్రటి గీత పడుతుంది. దాని వెంట ఉలి నడుస్తుంది. ఏ భాషైనా ఆయనకు ఒకటే.

ఎర్రగీతలు నాలుగు వరుసలూ పడ్డాక ఆయన అడిగాడు: "ఇందుల సచ్చిపోయినోళ్ల పేరు ఉన్నదా, మాస్టర్?"

"ఉంది. నాలుగో వరుసల."

"అయితే ఇంటి మనిషి వచ్చి వినాలె."

"నేను తమ్ముణ్ణే."

"పెండ్లామున్నదా ఆయనకు?"

"ఉంది."

"ఆమెను తోల్కరా. సదివి వినిపియ్యి. విని, రాయి మీద చెయ్యి పెట్టి కానియ్యి అంటెనే ఉలి పెడ్త. మా అబ్బాజాన్ కాలంకెళ్లి గిదే దస్తూర్. ఒకపారి దిగినంక ఉలి ఎనుకకు రాదు."

ఎంత చెప్పినా వినలేదు. ఆదివారం వదినెను తీసుకువస్తానని చెప్పి వచ్చాను.

వదినె బక్కమ్మ అప్పటికి నాతో సరిగా మాట్లాడటం లేదు. బడికి బావి కావాలని అర్జీ రాసింది నేను. అక్కడ అన్నకు కూలి పని ఇమ్మని అడిగింది కూడా నేనే. ఈ రెండు సంగతులనూ ఆమె ఒక్కసారైనా నా మొహం మీద అనలేదు. ఆ ఆదివారం బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సంగారెడ్డి వచ్చేదాకా అటే చూస్తూ ఉంది.

కమాలుద్దీన్ ఆమెకు పీట వేశాడు. ఆమె కూర్చోలేదు. నేను ఒక్కో వరుసా ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాను. నాలుగో వరుస చదివాక నా వేలు ఆ పెద్ద ఎం మీదే ఉంది.

"గీడ ఏముంది? గంతసేపు పట్టుకున్నవు," అంది వదినె.

"పెద్దక్షరం, వదినె. ముందుగాల చిన్నది రాసిండ్రు. పటేలు ఇంటికి పోయి కొట్లాడి పెద్దది రాయించిన."

"దేన్ని?"

"మాదిగ అన్న మాటను."

ఆమె రాయి వైపు చూసింది. "పటేలు పేరు కాడ, రెడ్డి కులపోడు అని రాసిండ్రా?"

"ఆయన పేర్లనే ఉంది గద."

"మీ అన్న పేర్ల ఉందా?"

"లేదు."

"లేనిదాన్ని ఏడికెళ్లి పట్టుకొచ్చినవు మరి?" ఆమె గొంతు పెంచలేదు. "బతికినన్ని దినాలు గా మాటనే ముందల, పేరు ఎనుక. ఒక్కనాడన్న ఉత్త పేరు పెట్టి పిల్సిండ్రా? సచ్చినంకనన్న ఒక్క పేరే ఉంటదనుకున్న. గంత సదువు సదివి, నువ్వు పోయి కొట్లాడింది దీనికా యాదీ?"

"తీసేస్తే, సిగ్గువడి దాసుకున్నట్టు అయితది వదినె."

"నాకేం సిగ్గు? మాదిగదాన్నని నడిబజార్ల నిలవడి చెప్త. నేను చెప్పుకునుడు వేరే, వాళ్లు రాసుడు వేరే. వాళ్లెందుకు రాసిండ్రో నీకు తెల్వదా? పక్కన ఉంటే మైలపడ్తమని రాసిండ్రు. దాన్ని నువ్వు ఇంకింత పెద్దగ రాయించినవు."

చిన్న అక్షరం తప్పని నాకు తెలుసు. అది తప్పే. కానీ ఆ తప్పు దిద్దితే చాలనుకున్నాను. ఆ మాట అక్కడ ఎందుకుందో అడగాలని నాకు తోచలేదు.

కమాలుద్దీన్ ఉలి కింద పెట్టి మా ఇద్దరినీ చూశాడు. "జల్దీ ఏం లేదు. తేల్చుకోండ్రి."

నేను ఆయన దగ్గర కాగితం అడిగి తీసుకుని, నాలుగో వరుస మళ్లీ రాశాను. కిష్టప్ప, పెద్దులు కొడుకు, ఈ బావి తవ్వుతూ ఇక్కడ ప్రాణం విడిచాడు. మా నాయిన పేరుతో సహా అది వదినెకు చదివి వినిపించాను. ఆమె తల ఊపింది.

"పాత కాగితం మీద హెడ్మాస్టర్ సాబ్ దస్తఖత్ ఉండె," అన్నాడు కమాలుద్దీన్. "దీని మీద ఎవరిది?"

"నాది."

"నౌకరి పక్కా అయిందా నీకు?"

"కాలేదు."

ఆయన తడిగుడ్డతో నాలుగో వరుస ఎర్రగీతలు తుడిచేశాడు. కొత్త గీతలు పడ్డాక వదినె రాయి మీద అరచెయ్యి పెట్టింది. "కానియ్యి," అంది.

బావి తెరిచే ముందురోజు మధ్యాహ్నం రాయి ఎడ్లబండి మీద వచ్చింది. మేస్త్రీ దాన్ని బావి గోడలో కూర్చోబెట్టాడు. పటేలు తన మనుషులతో వచ్చాడు. ఆయనకు తెలుగు వచ్చు, ఉర్దూ వచ్చు, ఇంగ్లీషు రాదు. సాదుల్లా సాబును చదవమన్నాడు. వదినె అక్కడే ఉంది. మా వాడ ఆడవాళ్లతో కలిసి బావి చుట్టూ మట్టి ఎత్తిపోస్తోంది.

సాదుల్లా సాబ్ మూడు వరుసలు చదివి తెలుగులో చెప్పారు. నాలుగో వరుస దగ్గర ఆగారు. ఆయన దస్తఖత్ పెట్టింది వేరు, రాయి మీద ఉన్నది వేరు. నా వైపు చూడలేదు.

"మాదిగ కూలీ కిష్టప్ప ఈ పనిల మరణించిండు," అని చదివారు.

పటేలు వంగి చూశాడు. "ఏది, వాడు కొట్లాడిన అక్షరం?"

సాదుల్లా సాబ్ కిష్టప్ప పేరులోని మొదటి అక్షరం మీద వేలు పెట్టారు. "గిదే, పటేల్ సాబ్."

"గింతేనా? గుమ్మడికాయంత రాయమంటి గదరా యాదిగా. నీ శాత కాలే." ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. వెనక మనుషులూ నవ్వుకుంటూ వెళ్లారు.

"నీ కోసమే అట్ల చదివిన మాస్టర్," అన్నారు సాదుల్లా సాబ్ నా పక్కన నిలబడి, మెల్లగా. "ఉన్నది ఉన్నట్టు చదివితే పటేల్ ఈ రాయిని గిప్పుడే పీకిస్తుండె. నీ నౌకరి గూడ. రేపు గూడ నేనే చదువుత. నువ్వు పిల్లల లైన్ల నిలవడు, చాలు."

"నా కోసం కాదు సాబ్. మీ కోసం చదివిండ్రు."

ఆయన బడిలోకి వెళ్లిపోయారు.

వదినె గంప కింద పెట్టి నా దగ్గరకు వచ్చింది.

"గా మాట మీదనే నాతోని చెయ్యి పెట్టిచ్చినవు," అంది.

"వదినె, రాయి మీద గా మాట లేదు. సాబు లేనిదాన్ని సదివిండు."

"నువ్వు పక్కనే ఉంటివి గద. ఎందుకు ఊకున్నవు?"

"చెప్తే రాయి ఉండనియ్యరు."

"రాయి ఉండి ఏం చేస్తది?" ఆమె రాయి వైపు చెయ్యి చూపింది. "మన వాడల ఎవనికొస్తది గా రాత? సాబు ఏం సదివితే గదే ఉన్నట్టు. రేపు గట్లనే సదువుతడు. ఆయన పోయినంక ఇంకొకడు గట్లనే సదువుతడు. పటేలు ముందల నిలవెడితే నువ్వు గూడ గట్లనే సదువుతవు. నువ్వు ఇవాళ సదివినట్టే లెక్క."

గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. మట్టి ఎత్తిపోసే ఆడవాళ్లు నా వైపు చూసి చూపు తిప్పుకున్నారు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి సంగారెడ్డి అధికారి జీపులో వచ్చాడు. పటేలు దండ వేశాడు. అధికారి బావిలోంచి మొదటి బొక్కెన తోడి, రాయి ముందు నిలబడి మనసులో చదువుకున్నాడు. చదవడం అయ్యాక పటేలుతో అన్నాడు: "చనిపోయినాయన పేరు కూడా వేయించారు. మంచి పని చేశారు. ఊరివాళ్లకు తెలుగులో చెప్పించండి."

పటేలు సాదుల్లా సాబుకు సైగ చేశాడు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని రెండడుగులు ముందుకు వేశారు. నేను పిల్లల వరుసలోంచి బయటికి వచ్చాను.

"ఇది రాసింది నేను సార్. నేనే చదువుత," అన్నాను.

"చదవండి," అన్నాడు అధికారి.

సాదుల్లా సాబ్ నన్ను ఆపలేదు. పక్కకు జరిగారు. నేను తేదీ చదివాను. పటేలు పేరు చదివాను. రెడ్డి, బ్రాహ్మణ, ముస్లిం కుటుంబాల సాయం చదివాను. తర్వాత నాలుగో వరుస చదివాను.

"కిష్టప్ప, పెద్దులు కొడుకు, ఈ బావి తవ్వుతూ ఇక్కడ ప్రాణం విడిచాడు."

పటేలు కుర్చీలోంచి ముందుకు వంగాడు. "నడిమిట్ల ఒక మాట ఇడిసినవురా యాదిగా."

"ఇడవలేదు పటేలా. ఈడ లేదు."

"నిన్న ఉండె."

"నిన్న గూడ లేదు."

పటేలు సాదుల్లా సాబ్ వైపు చూశాడు. ఆయన నేలవైపు చూస్తున్నారు. పటేలు మెడ మీది నరం కదలడం నేను దగ్గరనుంచి చూశాను.

"ఏ మాట?" అన్నాడు అధికారి. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని రాయి మీదికి వంగాడు. "అంతా సరిగానే ఉందే. ఏ మాట వదిలేశారంటారు?"

పటేలు నోరు తెరిచాడు. పుట్టినప్పటినుంచీ ఆ మాట ఆయన నోట్లో ఆడుతూనే ఉంది. మా నాయినను ఆ మాటతోనే పిలిచాడు, మా అన్నను ఆ మాటతోనే పిలిచాడు. అంటరానితనం నేరమని రెండేళ్ల కిందటే చట్టం వచ్చింది. దాని గురించి ఊరూరా చెప్పే అధికారి ఆయన ముందు నిలబడి ఉన్నాడు.

"ఏం లేదు సార్," అన్నాడు పటేలు.

నేను ఆయన కుర్చీ పక్కనుంచి వెనక్కి వస్తుంటే ఆయన తల ఎత్తకుండానే అన్నాడు: "జీపు పోనియ్యి. నీ సంగతి సూస్త. రాయి సంగతి గూడ."

"సరే పటేలా," అన్నాను.

జీపు పోయాక ఏమవుతుందో నాకు తెలుసు. రాయి అక్కడ ఎన్నాళ్లుంటుందో, నేను ఆ బడిలో ఎన్నాళ్లుంటానో నాకు తెలియదు. కానీ ఆ నాలుగో వరుస అందరి ముందూ ఉన్నది ఉన్నట్టు చదివాను.

మా వాళ్లను గుంపుకు దూరంగా, బడి గోడ అవతల నిలబెట్టారు. అక్కడినుంచి వదినె గొంతు వినబడింది. ఊరి పెద్దలు ఉన్నచోట ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు.

"యాదీ, మాకు వినవడలే. ఇంకోపారి సదువు."

ఆమెకు వినబడిందని నాకు తెలుసు. పటేలుకూ తెలుసు. అధికారి నా వైపు చూసి తల ఊపాడు. నేను గోడవైపు తిరిగాను. ఈసారి నాలుగో వరుస ఒక్కటే చదివాను.